కెనడాలో ఫారెస్ట్రీ కో-ఆప్ జాబ్ కావాలా? ముందు డ్రైవింగ్ లైసెన్స్, తర్వాతే రెజ్యూమే

కెనడాలో ఫారెస్ట్రీ సీటు వచ్చిన మనోళ్ళు ఎక్కువగా అడిగేవి ఇవే, కో-ఆప్ (చదువులో భాగమైన జీతం ఉద్యోగం) దొరకాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, జీపీఏ ఎంతుండాలి, లింక్డ్‌ఇన్‌లో ఎవరికి మెసేజ్ పెట్టాలి అని. ఇవన్నీ పనికిరావని కాదు గానీ ఫీల్డ్ జాబ్ ఇచ్చేవాళ్ళ మనసులో తిరిగేది వేరే ప్రశ్న. ఈ స్టూడెంట్ చేతికి ట్రక్ తాళాలిచ్చి అడవిలోకి పంపిస్తే సాయంత్రానికి క్షేమంగా తిరిగొస్తారా, తెచ్చిన డేటాని మళ్ళీ చెక్ చెయ్యకుండా నమ్మొచ్చా. ఈ రెండిటికీ అవును అని మీ కాగితాలు చెప్పగలిగితే బీ గ్రేడ్ ఉన్నా పిలుస్తారు, చెప్పలేకపోతే ఏ ప్లస్ ఉన్నా ఇంటర్వ్యూ దాకా రాదు. కింద రాసిందంతా ఆ రెండిటి చుట్టూనే, ఎక్కువగా బ్రిటిష్ కొలంబియా (బీసీ) లెక్కలో రాస్తున్నా, వేరే ప్రావిన్స్ అయితే తేడా ఉన్నచోట చెప్తా.

అసలు కో-ఆప్ ఎలా నడుస్తుంది

చదువులో భాగంగా జీతం తీసుకుని చేసే పనే కో-ఆప్. ఒక్కో వర్క్ టర్మ్ మామూలుగా నాలుగు నెలలు: జనవరి–ఏప్రిల్, మే–ఆగస్టు, సెప్టెంబర్–డిసెంబర్. కెనడాలో ఇది 1957లో వాటర్‌లూ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ వాళ్ళతో మొదలైంది, ఇప్పుడు దాదాపు అన్ని కోర్సుల్లోనూ ఉంది. ఐటీ వాళ్ళకి ఏ టర్మ్ అయినా ఒకటే, ఫారెస్ట్రీలో అలా కాదు, మంచు కరిగి రోడ్లు తెరుచుకున్నాకే ఫీల్డ్ పని కాబట్టి మే–ఆగస్టు టర్మ్‌కే పోస్టింగ్‌లు గుట్టలుగా వస్తాయి, జనవరి టర్మ్‌లో ఎక్కువగా ఆఫీసు పని, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని), ల్యాబ్. కొన్ని కంపెనీలు మే నుంచి డిసెంబర్ దాకా ఎనిమిది నెలలు అడుగుతాయి, మొదటి రెండు నెలలు నేర్పించడానికే పోతాయి కదా, వాళ్ళ బాధ వాళ్ళది. మీ కోర్సు ప్లాన్‌కి అడ్డు రాకపోతే ఎనిమిది నెలలదే మంచిది, సర్వేలో మొదలుపెట్టి ఆ డేటాతోనే ప్లాన్ రాసేదాకా మొత్తం చూస్తారు.

కో-ఆప్ ఆఫీస్ మీకు ఉద్యోగం ఇవ్వదు, ఇది ముందే బుర్రకెక్కించుకోవాలి. వాళ్ళు పోస్టింగ్‌లు చూపిస్తారు, రెజ్యూమే దిద్దుతారు, మాక్ ఇంటర్వ్యూ పెడతారు, టర్మ్ మధ్యలో కోఆర్డినేటర్ ఒకసారి పలకరిస్తారు, దానికి ప్రతి వర్క్ టర్మ్‌కీ ఫీజు కూడా కడతాం. అప్లై చెయ్యడం, గెలవడం మన పనే. ఇంకోటి, అన్ని ప్రోగ్రాముల్లో కో-ఆప్ ఆటోమేటిక్‌గా ఉండదు, కొన్నిట్లో మొదటి ఏడాది తర్వాత విడిగా అప్లై చేసి చేరాలి, కోర్స్‌వర్క్ మాస్టర్స్‌లో కొన్నిటికి అసలు ఉండదు. డిపాజిట్ కట్టకముందే ప్రోగ్రామ్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టి, కో-ఆప్ డిగ్రీలో భాగమా కాదా, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి ఓపెనా అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. కన్సల్టెన్సీ వాళ్ళ మాట మీద ఆగకండి.

లైసెన్స్

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే మనవాళ్ళ అప్లికేషన్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఫారెస్ట్రీ ఫీల్డ్ పోస్టింగ్ ఏది తెరిచినా బీసీలో అయితే క్లాస్ 5 డ్రైవర్స్ లైసెన్స్, ఒంటారియోలో అయితే జీ లైసెన్స్ (రెండూ మామూలు కారు లైసెన్సులే) అని కనపడుతుంది. బస్సు ఎక్కి అడవికి పోలేం. ప్లాట్ (చెట్లు కొలవడానికి గుర్తించిన చోటు) ఉండేది ఊరి నుంచి గంటన్నర గ్రావెల్ రోడ్డు మీద, క్రూలో ఇద్దరే ఉంటారు, ఒకరికి డ్రైవింగ్ రాకపోతే రెండోవాళ్ళకి దెబ్బ తగిలినప్పుడు ట్రక్ నడిపేవాళ్ళు ఉండరు. అందుకే వాళ్ళు దీంట్లో బేరం ఆడరు.

ఇండియా లైసెన్స్‌ని బీసీలో నేరుగా మార్చివ్వరు, నాలెడ్జ్ టెస్టు, రోడ్ టెస్టు రెండూ రాయాలి. అయితే ఇండియాలో రెండేళ్ళు దాటిన ఫుల్ లైసెన్స్ అనుభవం ఉందని చూపిస్తే లెర్నర్ దశల్లో నెలల తరబడి ఆగకుండా క్లాస్ 5 రోడ్ టెస్టుకే వెళ్ళొచ్చు. కాబట్టి ఇంకా ఇండియాలోనే ఉన్నవాళ్ళు చేయాల్సిన పని ఏంటంటే, లైసెన్స్ లేకపోతే ఈ రోజే తీసుకోండి, ఉంటే ఒరిజినల్ కార్డుతో పాటు మొదట ఎప్పుడు ఇష్యూ అయ్యింది, ఏ క్లాసు అనే వివరాలతో ఆర్టీఓ నుంచి లెటర్ తెచ్చుకోండి. ఇక్కడికొచ్చాక అది తెప్పించాలంటే నాన్న ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. కార్డు ఉంది గానీ చేతికి స్టీరింగ్ అలవాటు లేదు అనేవాళ్ళు, నిజం చెప్పాలంటే మనలో చాలామంది అంతే, డ్రైవింగ్ స్కూల్‌లో కొన్ని క్లాసులకి డబ్బు పెట్టండి. రోడ్ టెస్టులో షోల్డర్ చెక్ (భుజం మీదుగా తల తిప్పి చూడడం) చెయ్యకపోయినా, స్టాప్ సైన్ దగ్గర బండి పూర్తిగా ఆగకపోయినా ఫెయిల్ చెయ్యొచ్చు, హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపిన ధైర్యం ఇక్కడ అక్కరకు రాదు.

లైసెన్స్ వచ్చాక డ్రైవర్స్ అబ్‌స్ట్రాక్ట్ అని మీ డ్రైవింగ్ చరిత్ర చూపే రికార్డు తీసుకుని ఫోల్డర్‌లో పెట్టుకోండి, ఆఫర్ ఇచ్చే ముందు అడుగుతారు. వీలైతే పికప్ ట్రక్ రెంటుకి తీసుకుని గ్రావెల్ మీద ఒకసారి నడపండి, రివర్స్‌లో టర్న్ అవుట్‌లోకి (బండి పక్కకి ఆపే వెడల్పు జాగా) పెట్టడం ప్రాక్టీస్ చెయ్యండి. రెజ్యూమేలో గ్రావెల్ రోడ్ డ్రైవింగ్ అని ఒక్క లైన్ నిజాయితీగా రాయగలిగితే అది పైథాన్ కన్నా ముందు కళ్ళలో పడుతుంది.

పర్మిట్లు, కాగితాలు

స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకి సెమిస్టర్ టైమ్‌లో క్యాంపస్ బయట వారానికి 24 గంటల లిమిట్ ఉంది, 2024 నవంబర్ నుంచి ఇదే రూల్. చదువులో భాగమైన కో-ఆప్‌కి అనుమతి దీంతో సంబంధం లేని విషయం, దానికి పని ప్రోగ్రామ్‌లో తప్పనిసరి భాగమని యూనివర్సిటీ లెటర్ ఉండాలి, పని మొత్తం ప్రోగ్రామ్‌లో సగం దాటకూడదు. కో-ఆప్ అనుమతి నిబంధనలు మారుతూ వస్తున్నాయి కాబట్టి స్నేహితుడు రెండేళ్ళ కింద ఏం చేశాడో దాన్ని పట్టుకోకుండా ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లో ఆ వారం ఏముందో చూసి, యూనివర్సిటీలో ఇమిగ్రేషన్ సలహా ఇచ్చే లైసెన్స్ ఉన్న ఇంటర్నేషనల్ స్టూడెంట్ అడ్వైజర్‌తో మాట్లాడి, అనుమతి ఉందని ఖాయం చేసుకున్నాకే పని మొదలుపెట్టండి. సిన్ నంబర్ (జీతానికి, ట్యాక్స్‌కి కావాల్సిన సోషల్ ఇన్సూరెన్స్ నంబర్) కూడా ముందే తీసుకోండి, మనలాంటి టెంపరరీ వాళ్ళకి అది 9తో మొదలవుతుంది, దాని ఎక్స్‌పైరీ స్టడీ పర్మిట్‌తో పాటే అయిపోతుంది, పర్మిట్ రెన్యూ చేసినప్పుడు ఇదీ అప్‌డేట్ చెయ్యాలి.

ఇంకో రెండు విషయాలు ఎవరూ ముందు చెప్పరు. మొదటిది, కొన్ని పోస్టింగ్‌లు సిటిజన్స్, పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) ఉన్నవాళ్ళకే అని ఉంటే అది వివక్ష అనుకుని బాధపడక్కర్లేదు, స్టూడెంట్ వర్క్ ప్లేస్‌మెంట్ ప్రోగ్రామ్ అని ఫెడరల్ గవర్నమెంట్ కంపెనీకి జీతంలో వాటా ఇస్తుంది, ఆ సబ్సిడీ ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ మీద రాదు. చిన్న కన్సల్టింగ్ కంపెనీలు ఆ డబ్బు మీదే స్టూడెంట్‌ని పెట్టుకుంటాయి. కాబట్టి అలాంటివి పక్కన పెట్టి, సబ్సిడీ మీద ఆధారపడని చోట్ల టైమ్ పెట్టండి. రెండోది, పీఆర్ లెక్క. ఫుల్‌టైమ్ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు చేసిన పని, కో-ఆప్ అయినా సరే, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో (కెనడాలో చేసిన పనిని బట్టి పీఆర్ ఇచ్చే దారి) లెక్కలోకి రాదు. పాయింట్ల కోసం కో-ఆప్ చేద్దాం అనుకునేవాళ్ళు ఈ లైను రెండుసార్లు చదవండి. కో-ఆప్ వల్ల వచ్చేది డిగ్రీ తర్వాత మంచి ఉద్యోగం, ఆ ఉద్యోగంతో పీఆర్, ఆ వరసలో.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

మే టర్మ్ కావాలంటే అంతకుముందు సెప్టెంబర్‌లోనే రెడీ అవ్వాలి. గవర్నమెంట్, పెద్ద కంపెనీల పోస్టింగ్‌లు ముందుగా వస్తాయి, చిన్న కన్సల్టెంట్లు, ఫస్ట్ నేషన్స్ (అక్కడి మూలవాసులు) ఫారెస్ట్రీ కంపెనీలు, ఊళ్ళవాళ్ళు నడిపే కమ్యూనిటీ ఫారెస్ట్‌లు జనవరి తర్వాత వస్తాయి, ఎందుకంటే వాళ్ళకి కాంట్రాక్టులు తేలితే గానీ ఎంతమంది కావాలో తెలీదు. మార్చిలో కూడా ఆశ వదలకండి, చివర్లో ఎవరో ఒకరు మానేసి సీటు ఖాళీ అవుతూనే ఉంటుంది.

బీసీ భూమిలో దాదాపు 94 శాతం ప్రభుత్వానిది, అందుకని మినిస్ట్రీ ఆఫ్ ఫారెస్ట్స్, బీసీ టింబర్ సేల్స్, బీసీ వైల్డ్‌ఫైర్ సర్వీస్ ఇవన్నీ పెద్ద ఎంప్లాయర్లే. కంపెనీల్లో కాన్‌ఫోర్, వెస్ట్ ఫ్రేజర్, ఇంటర్‌ఫోర్, వెస్టర్న్ ఫారెస్ట్ ప్రొడక్ట్స్, తూర్పున న్యూ బ్రన్స్‌విక్‌లో జే.డీ. ఇర్వింగ్. రీసెర్చ్ ఇష్టమైతే కెనేడియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి విక్టోరియా, ఎడ్మంటన్, సూ సెయింట్ మేరీ, ఫ్రెడెరిక్టన్‌లలో సెంటర్లున్నాయి, ఫెడరల్ ఉద్యోగాల్లో సిటిజన్స్, పీఆర్ వాళ్ళకి ముందు ప్రాధాన్యం అన్నది మనసులో పెట్టుకుని అప్లై చెయ్యండి. యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) వాళ్ళకి మేపుల్ రిడ్జ్‌లో మాల్కమ్ నాప్, విలియమ్స్ లేక్ దగ్గర అలెక్స్ ఫ్రేజర్ అని సొంత రీసెర్చ్ ఫారెస్ట్‌లున్నాయి, మొదటి టర్మ్‌కి ఇవి చాలా మంచి చోట్లు, నేర్పించడం వాళ్ళ పనిలో భాగం. క్యూబెక్ వైపు వెళ్ళాలంటే ఫ్రెంచ్ రావాల్సిందే.

ఊరి విషయంలో ఒక మాట. వాంకూవర్‌లోనే ఉండాలి, ఫ్రెండ్స్ అంతా ఇక్కడే ఉన్నారు అనుకుంటే మీరు పోటీ పడేది వందమందితో. ప్రిన్స్ జార్జ్, స్మిదర్స్, పోర్ట్ మెక్‌నీల్, ఆల్బర్టాలో హింటన్, ఒంటారియోలో థండర్ బే, ఇలాంటి చోటికి వస్తా అని కవర్ లెటర్ మొదటి పేరాలోనే రాస్తే లిస్టు ఒక్కసారిగా చిన్నదైపోతుంది. చిన్న ఊళ్ళో మీ ఒక్కరే తెలుగువాళ్ళయి ఉంటారు, అది నాలుగు నెలలకి తట్టుకోగలరా అనేది మీరే ఆలోచించుకోండి, నా మటుకు తట్టుకోవచ్చు అనే అంటా.

రెజ్యూమే, ఇంటర్వ్యూ

రెజ్యూమేలో ఫోటో, పుట్టిన తేదీ, నాన్న పేరు, పెళ్ళయ్యిందా లేదా ఇవేవీ వద్దు. రెండు పేజీలు దాటొద్దు. పైనే లైసెన్స్, ఫస్ట్ ఎయిడ్, ఇతర టికెట్లు (సర్టిఫికెట్లు) పెట్టండి, కింద ఎడ్యుకేషన్. ఇండియాలో బీఎస్సీ ఫారెస్ట్రీ చేసినవాళ్ళు అక్కడ చేసిన ఫీల్డ్ పని తక్కువగా అంచనా వేసుకుని ఒక లైన్‌తో వదిలేస్తారు, అలా చెయ్యకండి. టేకు ప్లాంటేషన్‌లో ఎన్యూమరేషన్ (చెట్లు లెక్కపెట్టి కొలవడం) చేశారా, నర్సరీలో పనిచేశారా, ఎండలో ఎన్ని గంటలు, ఎంతమంది టీమ్, ఏ పరికరంతో కొలిచారు అని వివరంగా రాయండి. 42 డిగ్రీల్లో ఎన్యూమరేషన్ చేసినవాళ్ళు ఫీల్డ్‌కి భయపడరని వాళ్ళకి అర్థమవుతుంది.

ఇంటర్వ్యూలో టెక్నికల్ ప్రశ్నలు తేలికే ఉంటాయి, సేఫ్టీ ప్రశ్నలే అసలైనవి. ఉదాహరణకి ఇలా అడుగుతారు: నువ్వూ పార్ట్‌నరూ బ్లాక్ (పని కోసం హద్దులు గీసిన అడవి ముక్క) లోపల ఉన్నారు, పార్ట్‌నర్ కాలు మడతపడింది, ఫోన్ సిగ్నల్ లేదు, ఏం చేస్తావు. మనవాళ్ళు వెంటనే పరిగెత్తి ట్రక్ దగ్గరికి వెళ్ళి హెల్ప్ తెస్తా అంటారు, హీరోయిజం వాళ్ళకి అక్కర్లేదు. వాళ్ళు వినాలనుకునేది, ముందు ఆగి చుట్టూ ప్రమాదం ఏమైనా ఉందా చూస్తా, ఫస్ట్ ఎయిడ్ చేస్తా, రేడియో లేదా ఇన్‌రీచ్‌లో (శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం) సూపర్‌వైజర్‌కి మా కోఆర్డినేట్స్ చెప్తా, నడవగలిగితే నెమ్మదిగా ఇద్దరం కలిసి వస్తాం, లేకపోతే వెచ్చగా ఉంచి అక్కడే ఉంటా, పొద్దున్నే చెక్-ఇన్ ప్లాన్‌లో మేమెక్కడ ఉంటామో రాసి ఇచ్చాం కాబట్టి వాళ్ళకి తెలుసు. ఇంకో ప్రశ్న, రోజు చివర్లో రెండు ప్లాట్లు మిగిలాయి, చీకటి పడుతోంది, ఏం చేస్తావు. కళ్ళతో అంచనా వేసి నింపేస్తా అనే ఆలోచన మొహంలో కనపడినా అక్కడితో అయిపోయినట్టే. రేపు వస్తాం, చెయ్యలేదని ఫారంలో రాస్తాం, అంతే సమాధానం.

మీరు కూడా అడగాలి. హౌసింగ్ ఇస్తారా, క్యాంపా మోటెలా, లివింగ్ అవుట్ అలవెన్స్ ఉందా, ట్రక్‌లో కూర్చున్న టైమ్ జీతంలో లెక్కేస్తారా, బూట్లకి డబ్బిస్తారా, పది రోజులు పని నాలుగు రోజులు సెలవా లేక మామూలు వారమా. సిగ్గుపడక్కర్లేదు, ఇవి అడిగినోళ్ళని అనుభవం ఉన్నవాళ్ళుగా చూస్తారు. జీతం ఎంత తక్కువైనా చట్టం కింద ఉండకూడదు, బీసీలో 2025 జూన్ 1న కనీస వేతనం గంటకి 17.85 డాలర్లు అయ్యింది, జీతం మీద కనీసం 4 శాతం వెకేషన్ పే రావాలి.

టికెట్లు

ఇక్కడ టికెట్ అంటే సర్టిఫికెట్. బీసీలో ఒకరోజు బేసిక్ ఫస్ట్ ఎయిడ్ చెయ్యండి, 2024 నవంబర్ ముందు దీన్నే ఓఎఫ్ఏ లెవెల్ 1 అనేవాళ్ళు, పాత పోస్టింగ్‌ల్లో ఇంకా ఆ పేరు కనిపిస్తుంది. దూరపు చోట్ల పనికి ట్రాన్స్‌పోర్టేషన్ ఎండోర్స్‌మెంట్ అని ఇంకోరోజు కోర్సు ఉంది, అది కూడా ఉంటే పోస్టింగ్ పెట్టినవాళ్ళకి ఖర్చు తగ్గుతుంది, మీకు విలువ పెరుగుతుంది. కెమికల్స్ గురించి విమిస్ అనేది ఆన్‌లైన్‌లో అయిపోతుంది. తర్వాత ఎస్-100, మంటలార్పే బేసిక్ కోర్సు, ఏటా రిఫ్రెషర్ కావాలి. సర్వే చేసేవాళ్ళకి ఇదెందుకు అంటే, వేసవిలో అడవిలో ఉన్నవాళ్ళకి మంట ఎదురైతే ఏం చెయ్యాలో తెలియాలి. 2023లో కెనడా మొత్తం మీద 1.5 కోట్ల హెక్టార్లకి పైగా కాలిపోయింది, బీసీలోనే 28 లక్షల హెక్టార్లు దాటింది, అలాంటి ఏడాది అయితే మీ సర్వే ప్రాజెక్టు ఆగిపోయి వేరే పనిలో పెట్టినా ఆశ్చర్యపోకండి.

అన్నీ ఒకేసారి డబ్బు పెట్టి చెయ్యక్కర్లేదు. లైసెన్స్, ఫస్ట్ ఎయిడ్ మాత్రం సొంతంగా చేసుకోండి, మిగతావి చాలా కంపెనీలు చేరాక చేయిస్తాయి.

ప్లాట్‌లో నిలబడ్డాక

మొదటి టర్మ్‌లో ఎక్కువమందికి పడేది సిల్వికల్చర్ సర్వే, అంటే నరికి మళ్ళీ నాటిన బ్లాక్‌లో మొక్కలు సరిపోయినన్ని పెరుగుతున్నాయా అని చూడడం. బీసీలో దీనికి 3.99 మీటర్ల రేడియస్ ఉన్న గుండ్రని ప్లాట్ వాడతారు. ఆ నంబర్ చూసి నవ్వొస్తుంది గానీ లెక్క సింపుల్, 3.99తో గీసిన వృత్తం వైశాల్యం 50 చదరపు మీటర్లు, హెక్టార్‌లో అలాంటివి 200 పడతాయి. ప్లాట్‌లో 5 మొక్కలు లెక్కకొస్తే హెక్టార్‌కి 1000 అన్నమాట. సెంటర్‌లో పిన్ గుచ్చి, దానికి 3.99 దగ్గర గుర్తు పెట్టిన తాడు తగిలించి, ఉత్తరం నుంచి మొదలుపెట్టి క్లాక్‌వైజ్ తిరుగుతారు. బోర్డర్ మీద ఉన్న మొక్కకి కాండం మధ్య దాకా దూరం చూడాలి, ఆకు లోపలుందా బయటుందా అని కాదు.

చిక్కంతా రెండు చోట్ల. ఒకటి, అన్ని మొక్కలూ లెక్కలోకి రావు. పక్కపక్కన ఉన్నవాటి మధ్య కనీస దూరం, చాలాచోట్ల 2 మీటర్లు, ఉండాలి, జాతి ఒప్పుకున్నదై ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి. టార్గెట్ హెక్టార్‌కి 1200 అయితే ప్లాట్‌కి 6 దగ్గర లెక్క ఆపేస్తారు, 15 ఉన్నా 6 అనే రాస్తారు, లేకపోతే ఒక మూల గుబురుగా ఉండి ఇంకో మూల బోడిగా ఉన్న బ్లాక్ కాగితం మీద బాగున్నట్టు కనపడుతుంది. రెండోది వాలు. 3.99 అనేది మ్యాప్ మీద దూరం, అంటే హారిజాంటల్. 60 శాతం వాలు మీద అదే దూరం రావాలంటే నేల వెంట 4.65 మీటర్లు లాగాలి. క్లైనోమీటర్‌తో వాలు చూడకుండా తాడు అలాగే నేల మీద పరిచేస్తే ప్లాట్ చిన్నదైపోయి హెక్టార్ లెక్క తగ్గుతుంది, చెక్ సర్వేయర్ వచ్చి మళ్ళీ కొలిస్తే మీ పేరు పోతుంది. ఇది ఇంట్లో కూర్చుని కాలిక్యులేటర్‌తో ప్రాక్టీస్ చెయ్యగలిగేదే, చేసి వెళ్ళండి.

పెద్ద చెట్లు కొలిచే పనైతే ఇండియాలో చదివినవాళ్ళు జాగ్రత్త. మనం బ్రెస్ట్ హైట్ (చెట్టు లావు కొలిచే ఎత్తు) 1.37 మీటర్లకి నేర్చుకున్నాం, కెనడాలో 1.3. వాలు మీద ఉన్న చెట్టుకి ఎత్తు వైపు నేల నుంచి కొలుస్తారు. మీ ఒంటి మీద 1.3 ఎక్కడికొస్తుందో ఒకసారి టేపుతో చూసుకుని చొక్కా గుండీనో జేబునో గుర్తు పెట్టుకోండి, రోజుకి వందలసార్లు అవసరమవుతుంది.

కంపాస్ డిక్లినేషన్ (సూది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా) కూడా అంతే, మన దగ్గర దాదాపు సున్నా కాబట్టి ఎవరూ పట్టించుకోరు. బీసీలో తూర్పు వైపు, న్యూ బ్రన్స్‌విక్‌లో పడమర వైపు పదిహేను డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. సెట్ చెయ్యకుండా 500 మీటర్లు నడిస్తే 130 మీటర్లు పక్కకి పోతారు. జాతుల కోడ్‌లు చేరకముందే బట్టీ పట్టండి, బీసీలో డగ్లస్ ఫర్‌కి ఎఫ్‌డీ, వెస్టర్న్ హెమ్‌లాక్‌కి హెచ్‌డబ్ల్యూ, రెడ్ సీడర్‌కి సీడబ్ల్యూ, లాడ్జ్‌పోల్ పైన్‌కి పీఎల్ ఇలా. డగ్లస్ ఫర్ కాయ దొరికితే చాలు, పొలుసుల మధ్య నుంచి మూడు మొనలున్న చిన్న రెక్కలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ఇంక దేంతోనూ పొరబడరు. ఆ ప్రాంతపు బెక్ జోన్ (వాతావరణం, మొక్కల్ని బట్టి అడవుల్ని విభజించిన జోన్) ఏంటో, దాని ఫీల్డ్ గైడ్ ఎక్కడ దొరుకుతుందో మొదటి రోజుకి ముందే చూసుకుని వెళ్తే సూపర్‌వైజర్ కళ్ళల్లో మీ లెవెలే మారిపోతుంది.

బూట్లు, రేడియో, ఎలుగుబంట్లు

బూట్ల దగ్గర పిసినారితనం వద్దు. కోస్ట్ వైపు అయితే అడుగున ఇనుప మేకులున్న కార్క్ బూట్లు కావాలి, పడిపోయిన దుంగలు ఎప్పుడూ నాచుతో తడిగా ఉంటాయి, మామూలు హైకింగ్ షూతో ఎక్కితే జారి పడడమే. ఇంటీరియర్‌లో మంచి లెదర్ వర్క్ బూట్ సరిపోతుంది. కొన్న రోజే పనికి వేసుకోకుండా ముందే నడిచి అలవాటు చేసుకోండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. దోమలు, బ్లాక్‌ఫ్లైలు జూన్‌లో చంపుతాయి, తలకి నెట్ కొనండి. హార్డ్ హ్యాట్, వెస్ట్, కంపాస్ లాంటివి మామూలుగా కంపెనీ ఇస్తుంది, ముందు అడిగి, ఇవ్వనివే కొనుక్కోండి.

రిసోర్స్ రోడ్ల (దుంగల లారీలు తిరిగే అడవి రోడ్లు) మీద రేడియో పిలవడం వినడానికే మొదట్లో గందరగోళంగా ఉంటుంది. రోడ్డు మొదట్లో బోర్డు మీద చానెల్ ఉంటుంది, రేడియో దానికి పెట్టాలి. రోడ్డు పేరు, కిలోమీటర్, దిశ, వెహికల్ చెప్పాలి, కిలోమీటర్లు పెరిగే వైపు వెళ్తుంటే అప్, తగ్గే వైపు అయితే డౌన్, కొండ ఎక్కుతున్నారా దిగుతున్నారా అనేదానితో సంబంధం లేదు. రోడ్డు పేరు తర్వాత 14, అప్, పికప్ అని చెప్పి చెవి అటే పెట్టి ఉంచండి, 17 దగ్గర నుంచి లోడెడ్ ట్రక్ డౌన్ అని వినపడితే ఖాళీ జాగా చూసి పక్కకి ఆగిపోండి, దుంగలతో వచ్చే లారీ మనకోసం ఆగలేదు. రేడియోలో ఎవరూ పలకలేదంటే ఎవరూ లేరని కాదు, రేడియో లేని టూరిస్టు బండి కూడా ఉండొచ్చు.

ఎలుగుల గురించి ఇంట్లోవాళ్ళు చాలా భయపడతారు, వాళ్ళకి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. బేర్ స్ప్రే నడుముకి తగిలించుకోవాలి, బ్యాగ్‌లో పెడితే లేనట్టే. నడుస్తూ మాట్లాడుతుండండి, పాటలు పాడినా ఎవరూ ఏమనుకోరు, అడవికి తెలుగు అర్థం కాదు. విమానంలో ఎక్కేటప్పుడు స్ప్రే హ్యాండ్ బ్యాగేజ్‌లోనూ, చెక్-ఇన్‌లోనూ రెండిట్లోనూ నిషేధం, వెళ్ళినచోటే కొనుక్కోండి. నా లెక్కలో ఎలుగు కన్నా కందిరీగలు, రోడ్డు, అలసట ఎక్కువ ప్రమాదం. అలర్జీ ఉంటే ఎపిపెన్ (అలర్జీకి వెంటనే వేసుకునే ఇంజెక్షన్) దగ్గర పెట్టుకుని పార్ట్‌నర్‌కి ఎక్కడుందో చూపించండి. వెజిటేరియన్లయితే క్యాంప్ వాళ్ళకి చేరకముందే చెప్పండి, చెప్తే చేసి పెడతారు, పచ్చడి సీసా మాత్రం మనమే తీసుకెళ్ళాలి.

టర్మ్ మధ్యలో, చివర్లో

మొదటి రెండు వారాలు తెలియంది తెలియదని చెప్పండి, ఎవరూ తక్కువగా చూడరు. మనకి పెద్దవాళ్ళు చెప్పినదానికి తలూపడం అలవాటు, ఇక్కడ అర్థంకాకుండా తలూపి వెళ్ళి తప్పు బ్లాక్‌లో ఒకరోజు పని చేసొస్తే ఆ రోజు జీతం, డీజిల్ కంపెనీకి నష్టం. సూపర్‌వైజర్‌ని సార్ అనక్కర్లేదు, పేరు పెట్టే పిలవాలి, మొదట్లో నోరు తిరగదు, అలవాటవుతుంది. పని సేఫ్‌గా లేదనిపిస్తే చెయ్యనని చెప్పే హక్కు చట్టంలో ఉంది, స్టూడెంట్ అయినా సరే. వంకరగా ఎండిపోయి నిలబడిన చెట్ల కింద ప్లాట్ పడితే నేను లోపలికి వెళ్ళను, ఇలా రాస్తున్నా అని చెప్తే తప్పుపట్టే సూపర్‌వైజర్ మంచి సూపర్‌వైజర్ కాదు, అలాంటప్పుడు కో-ఆప్ కోఆర్డినేటర్‌కి ఆ రోజే ఫోన్ చెయ్యండి, టర్మ్ అయ్యేదాకా ఆగొద్దు.

రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు నోట్స్ రాసుకోండి, ఏ బ్లాక్ రకం, ఏ పద్ధతి, ఏ పరికరం. వర్క్ టర్మ్ రిపోర్టు దీంట్లోంచే వస్తుంది, ఆగస్టులో కూర్చుని గుర్తు తెచ్చుకోవడం నరకం. ముందు ముందు రిజిస్టర్డ్ ప్రొఫెషనల్ ఫారెస్టర్ (ఆర్‌పీఎఫ్) అవ్వాలనుకునేవాళ్ళకి ఏ పని ఎవరి పర్యవేక్షణలో చేశారో రికార్డు ఉండడం ఇంకా అవసరం. క్రూలో ఆర్‌పీఎఫ్ ఎవరైనా ఉంటే వాన పడి ట్రక్‌లో కూర్చున్న రోజున వాళ్ళని కదిలించండి, ఆ బ్లాక్‌ని అలా ఎందుకు గీశారు, వాగు పక్కన ఎంత వదిలారు, ఎందుకు వదిలారు అని, క్లాసులో ఏ ప్రొఫెసరూ చెప్పని సంగతులు చెప్తారు.

చివరి వారంలో మూడు కాగితాలు తీసుకోండి: సూపర్‌వైజర్ ఎవాల్యుయేషన్, చేసిన డ్యూటీలు, గంటలు రాసిన లెటర్, చివరి పే స్టబ్. వచ్చే ఏడాది మళ్ళీ రావాలనుంటే నోరు తెరిచి అడగండి, చాలా కంపెనీలు కొత్తవాళ్ళకి నేర్పించే బదులు పాత స్టూడెంట్‌నే తెచ్చుకుంటాయి, పోస్టింగ్ బయటికి రాకముందే సీటు అయిపోతుంది. రూమ్ ఖాళీ చేసేముందు పేరోల్‌కి కొత్త అడ్రస్ ఇవ్వండి, టీ4 (ఏడాది జీతం, కట్ అయిన ట్యాక్స్ చూపే కాగితం) ఫిబ్రవరి చివరికల్లా వస్తుంది, ఏప్రిల్ 30 లోపు ట్యాక్స్ రిటర్న్ వెయ్యాలి. నాలుగు నెలలే పనిచేసిన స్టూడెంట్‌కి కట్ అయిన ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చాలామటుకు వెనక్కొస్తుంది, రిటర్న్ వెయ్యకపోతే మాత్రం రాదు.